బిళ్ళ వద్దన్న అప్ప

అప్ప పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను బోటులో మైకు పట్టుకుని నిలబడి ఉన్నాను. హేవ్‌లాక్ దీవికి వెళ్ళే పొద్దుటి బోటు అది. జనం కూర్చున్నారు, తాళ్ళు విప్పేశారు, జెట్టీ వెనక్కి జరుగుతోంది. ఇక దిగడానికి లేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, "నమస్కారం, మీ సీటు కింద లైఫ్ జాకెట్ ఉంటుంది" అని మొదలుపెట్టాను. హిందీలో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను. వైజాగ్ నుంచి వచ్చిన గుంపు ఒకటి ఉంది కాబట్టి తెలుగులోనూ చెప్పాను. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. ముందు వరసలో ఒక పెద్దాయన ముచ్చటపడి చప్పట్లు కూడా కొట్టాడు. అప్పుడు వెళ్ళి టీ కౌంటర్ వెనక, అట్టపెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను. ఆ మాటలన్నీ నాకు నేర్పింది ఆవిడే.

అప్ప అంటే అక్క, కానీ ఆవిడ నా తోడబుట్టింది కాదు. బోటులో అందరికీ ఆవిడ దీదీ. కెప్టెన్‌కి దీదీ, ఇంజను గదిలో వాళ్ళకి దీదీ, టికెట్ పోగొట్టుకుని గోల చేసే టూరిస్టుకి కూడా కాసేపట్లో దీదీ అయిపోయేది. నేను చేరిన కొత్తలో నేనూ అలాగే పిలిచాను. మా వాళ్ళదీ శ్రీకాకుళం వైపేనని తెలిశాక ఆవిడ నన్ను పక్కకి లాగింది.

"నలుగురిలో దీదీ అను, పర్వాలేదు. మనిద్దరమే ఉన్నప్పుడు మాత్రం అప్పా అని పిలువు. ఆ పిలుపు విని చాన్నాళ్ళయిందే."

పొట్టి మనిషి. బోటు ఎంత ఊగినా దేన్నీ పట్టుకోకుండా, చేతిలో టీ ట్రేతో వరసల మధ్య నడిచేది. కప్పులో టీ తొణికేది కాదు. అదే మనిషి ఊళ్ళో మిడిల్ పాయింట్ రోడ్డు మీద పది అడుగులు వేస్తే ఏ రాయో తన్నుకుని, పక్కన ఎవరుంటే వాళ్ళ భుజం పట్టుకునేది. "నేల కదలదు కదే, దాంతోనే నాకు చిరాకు" అని నేలనే తిట్టేది.

మెడలో ఒక ఇత్తడి విజిల్ ఉండేది. అది ఊదగా నేను ఎప్పుడూ వినలేదు. జెట్టీ మీద జనం తోసుకుంటుంటే దాన్ని పెదాల దగ్గర పెట్టుకుని అందరి వైపూ ఒకసారి చూసేది, అంతే, వరస తయారయ్యేది. "ఊదేసినాననుకో, ఇంకేటి మిగిలిందని భయపడతారు?" అనేది. చిన్నపిల్లలకి లైఫ్ జాకెట్ వేసి చూపించాల్సి వస్తే, నడుము తాడు రెండుసార్లు గట్టిగా లాగి, "ఊపిరి తీసుకో. అచ్ఛా, మళ్ళీ తీసుకో" అని, ఆ పిల్లవాడు రెండోసారి పొట్ట ఉబ్బించి తీసుకునే వరకు కదిలేది కాదు. పెద్దవాళ్ళు ఏ బాధలో ఉన్నా ఇదే వైద్యం. మా నాన్నకి జబ్బు చేసిందని చెప్పి నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజున కూడా నా చున్నీ కొసలు రెండూ పట్టుకుని లాగి, "ఊపిరి తీసుకో" అంది. నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, పనిచేసింది కూడా.

ఒక్క అలవాటు మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. తనకి ఎప్పటినుంచో తెలిసినవాళ్ళు, తనుండే బ్రూక్షాబాద్‌లో పాత ఇరుగుపొరుగు, చుట్టాలు, బోటు ఎక్కితే వాళ్ళకి టీ ఇచ్చి పక్కన కూర్చునేది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక గొంతు తగ్గించి అడిగేది.

"ఆ రోజు నువ్వు వచ్చినావు కదా. ఆ రోజు నానేటి చేసినాను?"

వాళ్ళు ఏదో చెప్పేవారు. ఈవిడ తల ఊపుతూ వినేది. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పిన దానితో కలిసేది కాదనుకుంటాను, కొన్నిసార్లు కళ్ళు చిన్నవి చేసి, "చీర ఏ రంగు?" అని అడిగేది. ఏదో పాత తగాదా కాబోలు, సాక్ష్యాలు కూడగడుతోంది అనుకున్నాను నేను.

ఇక నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆవిడ సంగతి తెలియదు. మా తాత కళింగపట్నం దగ్గర చేపల వేటకి వెళ్ళేవాడు, అక్కడినుంచే ఈ దీవులకి వచ్చాడు. మా ఇంట్లో సముద్రం గురించి గొప్పలు తక్కువేమీ కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు బోటు ఎక్కితే వాంతులు. అసలు బోటు కదలకముందే, జెట్టీ మీద డీజిల్ వాసనకే కడుపులో తిప్పేది. మా నాన్న మేస్త్రీ పని చేసేవాడు. ఆయన నడుము పోయాక ఇంట్లోకి ఇంకో జీతం లేదు, నాకు దొరికిన ఉద్యోగం చూస్తే బోటు మీద. ట్రైనింగ్ అయ్యాక కంపెనీ సారు మెయిన్‌లాండ్ నుంచి వచ్చి పరీక్ష పెడతాడు, పాసైతేనే పర్మనెంటు. బోటులో వాంతి చేసుకునే పిల్లని ఎవరు ఉంచుకుంటారు?

దీనికి మందు మా అమ్మ దగ్గర ఉంది. మా అమ్మ దగ్గరనే ఏమిటి, దీవుల్లో ప్రతి వంటింట్లోనూ ఉప్పు డబ్బా పక్కన వాంతి బిళ్ళల అట్ట ఒకటి ఉంటుంది. చెన్నై ఓడో, వైజాగ్ ఓడో ఎక్కే ముందు పెద్దలకి ఒకటి, పిల్లలకి సగం. ఓడ దిగేదాకా అందరూ మత్తుగా పడుకుని ఉంటారు, ఊరు వచ్చిందంటే లేస్తారు. దాన్ని ఎవరూ మందు అనుకోరు. సంచిలో నీళ్ళ సీసా పెట్టుకున్నట్టు అదీ పెట్టుకుంటారు. ఎప్పుడో ఏడాదికోసారి ఊరు వెళ్ళేవాళ్ళు వేసుకునే ఆ బిళ్ళని మా అమ్మ రోజూ ఇడ్లీ పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నేను రోజూ మింగాను. సముద్రం బాగా లేని రోజుల్లో రెండు మింగాను.

వాంతులు ఆగిపోయాయి. నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఎవరేమన్నా నవ్వేదాన్ని, ఏ పని చెప్పినా చేసేదాన్ని. చిక్కల్లా ఒక్కటే, ఏదీ నిలిచేది కాదు. పిల్లల జాకెట్లు ఏ బీరువాలో ఉంటాయో అప్ప చూపించేది. అప్పటికప్పుడు అడిగితే చెప్పేదాన్ని. మర్నాడు అడిగితే, "అవి ఎక్కడ ఉంటాయి దీదీ?" అని ఎదురు అడిగేదాన్ని. బోటులో చెప్పాల్సిన ప్రకటన ఆవిడ కాగితం మీద ఇచ్చేది కాదు. "అవసరం వచ్చినప్పుడు చేతిలో కాగితం ఉంటాదేటి? నోట్లో ఉండాలి" అని ఒక్కో ముక్కా చెప్పించేది. నేను చిలకలా పలికేదాన్ని. మర్నాటికి "నమస్కారం" ఒక్కటే మిగిలేది. నాతో చేరిన మిగతావాళ్ళు అంతా నేర్చేసుకున్నారు. నన్ను మట్టిబుర్ర అన్నారు. నేనూ నమ్మేశాను. స్కూల్లో బాగానే చదివాను కదా, ఇప్పుడేమైంది అనే ప్రశ్న కూడా నాకు రాలేదు. ఆ ప్రశ్న వేసింది అప్ప.

ఒక ఆదివారం బ్రూక్షాబాద్‌లోని వాళ్ళింటికి రమ్మంది. పరీక్షకి ఇక ఎంతో టైము లేదు, గట్టిగా చీవాట్లు పెడుతుందని బెదురుతూ వెళ్ళాను. ఆవిడ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని సూరమీను కోస్తోంది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ప్రకటనలో ఒక ముక్క చెప్పింది. చేప కోయడం అయ్యేదాకా చెప్పించింది. తర్వాత, "నీ చిన్నప్పుడు స్కూల్లో ప్రార్థన ఏటి? మీ పిన్ని పెళ్ళిలో ఏం వండినారు?" అని పనికిరాని ప్రశ్నలు అడిగింది. అన్నీ చెప్పాను, పెళ్ళిలో వంకాయ కూర మాడిందని కూడా చెప్పాను. అన్నం పెట్టి పంపించింది. చీవాట్లు లేవు.

సోమవారం బోటులో అడిగింది. పెరట్లో నేర్పిన ముక్క గడగడా చెప్పేశాను. నాకే ఆశ్చర్యం. ఆ రోజు బోటులో ఇంకో ముక్క నేర్పింది. మంగళవారానికి ఆ ముక్క లేదు, పెరటి ముక్క మాత్రం ఉంది. అప్ప నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"పాతవన్నీ యాద్ ఉన్నాయి. మా ఇంట్లో చెప్పింది యాద్ ఉంది. బోటులో చెప్పింది ఒక్కటీ లేదు. నీకు బుర్ర ఒకటేనా, రెండా?"

"ఏమో అప్పా."

"పొద్దున్న ఏటి తిని వస్తన్నావు?"

"ఇడ్లీ."

"ఇంకేటి?"

"టీ."

"ఇంకేటే?"

"వాంతి బిళ్ళ."

"రోజూనా?"

రోజూనే అన్నాను. ఆవిడ దబ్బున సీట్లో కూర్చుంది. బోటు మీద ఆవిడ అలా కూలబడటం నేను చూసింది అదే మొదటిసారి. కోప్పడుతుందనుకున్నాను గాని, నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, "ఓలమ్మా, నీకూనేటే" అంది. ఆ "నీకూ" ఏమిటో నాకు అప్పుడు తెలియదు.

దిగగానే మిడిల్ పాయింట్‌లో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు. నన్ను చూసి, మెల్లగా, అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. బిళ్ళ చెడ్డది కాదట. ఎప్పుడో ఓడ ఎక్కేవాళ్ళకి మంచిదే. కాకపోతే అది కడుపులో తిప్పడం ఒక్కదాన్నే ఆపదు, మెదడునంతా కాస్త మగతలో పెడుతుంది. మగతలో ఉన్న మెదడు చూస్తుంది, వింటుంది, అడిగితే జవాబు కూడా చెప్తుంది. చూసేవాళ్ళకి మామూలుగానే ఉంటుంది. కానీ కొత్తగా వచ్చినదాన్ని లోపల పెట్టుకోదు. పాతవి ఎక్కడికీ పోవు. అందుకే పెళ్ళిలో కూర గుర్తుంది, నిన్నటి బీరువా గుర్తులేదు.

"ఇంకో సంగతి. బోటు ఊపుకి మన ఒళ్ళు కూడా అలవాటు పడాలి కదా. అదీ మెదడు నేర్చుకోవాల్సిందే. దాన్ని రోజూ జోకొడుతుంటే ఎప్పుడు నేర్చుకుంటుంది?" అన్నారు.

బయటికి వచ్చాక అప్ప తన పద్ధతిలో మళ్ళీ చెప్పింది. "చేపకి ఉప్పు రాసి ఒక రోజు ఉంచుతాం కదా, పట్టడానికి. నువ్వు రాసినట్టే రాసి కడిగేస్తన్నావు. ఇంకేటి నిలుస్తాది?"

"మరి వాంతి వస్తే?"

"చేసుకో. బోటులో వాంతి చేసుకోని వాళ్ళు ఎవరే? కెప్టెన్ చేసుకునేవాడు కొత్తలో. పూఛ్ లే ఉస్‌కో."

అడగలేదు గాని, మర్నాటి నుంచి బిళ్ళ మానేశాను. ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. నేను సంచిలో కక్కుతుంటే అప్ప పక్కనే నిలబడి వీపు రాస్తూ పాఠం చెప్పేది. "అయ్యిందా? మూతి తుడుచుకో. అత్యవసర ద్వారం ఎటు?" నేను ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని రెండో చేత్తో ద్వారం చూపించేదాన్ని. నన్ను ఎప్పుడూ వెనక డెక్కు మీద, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసేచోటు కనిపించేలా నిలబెట్టేది. ఎవరైనా చూసి నవ్వితే ఒక చూపు చూసేది. ఇత్తడి విజిల్ పని కూడా ఆ చూపే చేసేది. కొన్నాళ్ళకి వాంతులు తగ్గాయి. పాఠం నిలవడం మాత్రం రెండో రోజు నుంచే మొదలైంది. ఒక పొద్దున్న లేచేసరికి ముందు రోజు నేర్చుకున్నదంతా అలాగే ఉంది. పక్క మీదే కూర్చుని, మా అమ్మ పరుగెత్తుకొచ్చేలా పెద్ద గొంతుతో మొత్తం చెప్పేశాను. నేను మట్టిబుర్రని కాను! ఆ సంతోషం ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

తన సంగతి ఆవిడ నాకు చెప్పింది ఒక్కసారే. మధ్యాహ్నం తిరుగు బోటు, జనం పెద్దగా లేరు. వెనక డెక్కు మీద ఇద్దరమే. "నీకూనేటే అన్నారు కదా ఆ రోజు, ఎందుకు?" అని నేనే అడిగాను.

ఆవిడ భర్త గుండెపోటుతో పోయాడట. ఎవరూ అనుకోలేదు. కూతురు అప్పటికి చంకలో పిల్ల. అప్ప తల బాదుకుంటుంటే చూడలేక, ఇంట్లోవాళ్ళు ఎవరినో పిలిచి నిద్ర ఇంజక్షన్ చేయించారు. తర్వాత కూడా తట్టుకోలేదని చాలా రోజులు బిళ్ళలు ఇస్తూ వచ్చారు.

"నాను పడుకోలేదట. కూర్చునే ఉన్నానట. వచ్చినవాళ్ళతో మాట్లాడినానట. ఆయన తల నిమిరినానట. పాపని ఎత్తి ఆయనకి చూపించినానట. అందరూ చెప్తారు. నాకు మాత్రం లేదే. ఆ రోజు నాకు లేదు."

ఆవిడ నీళ్ళ వైపు చూస్తూనే చెప్పింది.

"పాప నడక కూడా అప్పుడే మొదలెట్టింది. నా ముందే నడిచిందట, నాను చప్పట్లు కొట్టినానట. అదీ లేదు. ఆ డాక్టరు గారినే అడిగినాను, ఎక్కడో లోపల ఉంటాది కదా, తవ్వితే దొరకదా అని. ఆయన చెప్పినారు. పోయింది కాదమ్మా, పోతే వెతకొచ్చు, అది అసలు లోపలికి రాలేదు అన్నారు."

"మీ వాళ్ళ మీద కోపం రాలేదా అప్పా?"

"ఎందుకే? ప్రేమతోనే ఇచ్చినారు. నా ఏడుపు చూడలేక ఇచ్చినారు. గాని, ఏడిస్తే చచ్చిపోతానేటి? ఏడిస్తే ఏడ్చినానని నాకుండేది." నా వైపు తిరిగి, "పాపకి చెప్పకు. దాని మొదటి నడక వాళ్ళమ్మకి లేదని తెలిస్తే చిన్నబుచ్చుకుంటాది" అంది.

బోటులో పాతవాళ్ళ పక్కన కూర్చుని ఆవిడ దేనికోసం వెతుకుతోందో అప్పుడు తెలిసింది. నా బిళ్ళ సంగతి ఇంకెవరికీ తట్టకుండా ఆవిడకే ఎందుకు తట్టిందో కూడా.

పరీక్ష రోజున సముద్రం బాగా లేదు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన సారు మంచివాడే గాని, బోటు రేవు దాటేసరికి పాలిపోయి సీటుకి చేరగిలబడ్డాడు. అప్పే జాలిపడి ఆయనకి వాంతి బిళ్ళ ఇచ్చింది. కాసేపటికి ఆయన తేరుకుని, ప్రసన్నంగా నవ్వుతూ నన్ను మొదలుపెట్టమన్నాడు. నేను మూడు భాషల్లోనూ చెప్పాను, బీరువాలు చూపించాను, జాకెట్ కట్టి చూపించాను. "వెరీ గుడ్, వెరీ గుడ్" అన్నాడు. నేను గాలిలో తేలుతుంటే అప్ప నా చెవిలో, "ఎగరకు. ఈయన బిళ్ళ మీద ఉన్నాడు. రేపు మళ్ళీ చెప్పాలి, తయారుగా ఉండు" అంది. నేను నమ్మలేదు. మర్నాడు ఆఫీసులో సారు నన్ను చూసి మర్యాదగా, "మీ టెస్టు ఇంకా మిగిలింది కదూ?" అన్నాడు. అప్ప కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. నేను మళ్ళీ మొదటినుంచి చెప్పాను, మళ్ళీ "వెరీ గుడ్" అన్నాడు. అలా ఒక పరీక్ష రెండుసార్లు పాసై పర్మనెంటు అయిన మనిషిని ఈ దీవుల్లో నేనొక్కదాన్నే అనుకుంటాను. ఆ జీతంతోనే మా నాన్నకి వైద్యం జరిగింది, మా ఇల్లు నిలబడింది. దాని వెనక ఉన్నది ఆవిడ. ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఆవిడ ఉద్యోగం మానేసి వెళ్ళే రోజున ఆ విజిల్ తీసి నా మెడలో వేసింది. "ఊదకు" అంది, అంతే. తర్వాత సిప్పీఘాట్ వైపు వెళ్ళినప్పుడల్లా ఆవిడకి ఇష్టమని అక్కడి పనసపండు కొనుక్కుని ఇంటికి వెళ్ళేదాన్ని. నేల మీద ఆవిడ నడక రాను రాను ఇంకా కష్టమైంది. కిడ్నీలు పాడయ్యాయి. "నేల నాకు పడదని చెప్పలేదేటి" అని నవ్వేది.

హేవ్‌లాక్ నుంచి తిరిగొచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా జెట్టీ నుంచి నేరుగా బ్రూక్షాబాద్ వెళ్ళాను. వాన పడుతోంది. ఆస్పత్రి నుంచి అప్పని తెచ్చి హాల్లో పడుకోబెట్టారు. పాప, అంటే చంకలో ఉన్న ఆ పిల్ల, ఇప్పుడు కాలేజీ చదువు అయిపోయిన ఆడపిల్ల, తల్లి పక్కన నేల మీద పడి దొర్లుతోంది. జుట్టు ముడి ఊడిపోయింది. గొంతు బొంగురుపోయింది. అప్పుడే వంటింట్లోంచి పాప మేనత్త వచ్చింది. ఒక చేతిలో గ్లాసుతో నీళ్ళు, రెండో అరచేతిలో ఒక తెల్ల బిళ్ళ.

"మీ మావయ్య వేసుకునే నిద్ర బిళ్ళే తల్లీ. వేసుకో. కాస్త నెమ్మదిస్తాది."

ఆ బిళ్ళ లోపలికి వెళ్తే ఈ పిల్లకి కూడా ఈ రోజు ఉండదు. ఇరవై ఏళ్ళు తల్లి వెతికినట్టు ఇదీ చుట్టాల దగ్గర వెతుక్కుంటుంది. మరి నేనెవరిని? చుట్టాన్ని కాను, డాక్టరుని కాను. చెప్పకు అని మాట తీసుకుంది అప్ప. ఆ అప్ప అక్కడే, రెండడుగుల దూరంలో పడుకుని ఉంది.

"అత్తా, ఒక్క నిమిషం" అన్నాను. నేల మీద కూర్చుని పాప తల నా గుండెకి ఆనించుకున్నాను.

"పాపా, విను. మీ నాన్న పోయిన రోజు మీ అమ్మకి ఇలాగే మత్తు ఇచ్చారు. ప్రేమతోనే ఇచ్చారు. కానీ ఆ రోజు మీ అమ్మకి ఎప్పటికీ గుర్తు రాలేదు. బతికినన్నాళ్ళూ అందరినీ అడిగింది, ఆ రోజు నేనేం చేశాను అని. ఈ బిళ్ళ వేసుకుంటే బాధ తగ్గుతుంది, నిజమే. ఈ రోజు కూడా పోతుందేమో. అమ్మతో నీకు ఇదే ఆఖరి రోజు. వేసుకుంటావో మానుతావో నీ ఇష్టం."

నడక సంగతి చెప్పలేదు. అది మాత్రం నా దగ్గరే ఉంటుంది.

మేనత్తకి కోపం వచ్చింది. "దానికి ఏమైనా అయితే నువ్వు చూస్తావేటి?"

"చూస్తాను. ఇక్కడే ఉంటాను. మరీ తట్టుకోలేకపోతే డాక్టరు గారిని నేనే పిలుస్తాను."

పాప బిళ్ళ వైపు చూసింది. తల్లి మొహం వైపు చూసింది. "వద్దత్తా" అంది. అని, నా మెడ చుట్టూ చేతులు వేసి, ఇల్లంతా అదిరేలా ఏడ్చింది. ఆపకుండా ఏడ్చింది. మేనత్త గ్లాసు కింద పెట్టేసి తనూ మా పక్కన చతికిలబడింది. నేను పాప చున్నీ కొసలు రెండూ పట్టుకుని లాగాను. "ఊపిరి తీసుకో. మళ్ళీ తీసుకో." అది మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటూ ఏడ్చింది, తల్లికి స్నానం చేయించింది, దువ్వెన అడిగి తల దువ్వింది. వానలో శ్మశానం దాకా నడిచింది. నేను పక్కనే నడిచాను. ఆ దారంతా ఒకటే భయం, నేను చేసింది మంచిదేనా, పిల్లని ఉత్తపుణ్యానికి చిత్రవధ చేస్తున్నానా అని.

పెద్దకార్యం అయ్యాక, చుట్టాలంతా వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం వెళ్ళాను. పాప వరండాలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. టీ పెట్టి తెచ్చి నా పక్కన కూర్చుంది. నా మెడలో విజిల్ పట్టుకుని కాసేపు తిప్పుతూ చూసింది.

"ఆ రోజు నువ్వు నన్ను పట్టుకున్నప్పుడు ఇది ఇక్కడ గుచ్చుకుందక్కా" అంది, బుగ్గ తడుముకుంటూ. "ఎంత నొప్పెట్టిందో. అమ్మదని తెలిసి తియ్యమనలేదు."

"నాకు తెలియలేదే."

"నాకు తెలుసు. అమ్మ జుట్టు దువ్వుతుంటే కుడిచెవి వెనక ఒక పాయ ఆగలేదు, తడి చేసి అణిచాను. వాన చప్పుడుకి పంతులు గారి మంత్రం వినబడలేదు. మావయ్య చెప్పులు మర్చిపోయి వచ్చేశాడు. అత్త నాకన్నా ఎక్కువ ఏడ్చింది." పాప కళ్ళు తుడుచుకుంది. "పూరా యాద్ ఉందక్కా. ఎవరినీ అడగక్కర్లేదు. ఆ రోజు నేనేం చేశానో నేనే చెప్తాను, విను."